లాటిన్ పునశ్చరణ: పదాలు, క్రియారూపాలు, సీజర్ అనువాదం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ లాటిన్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు కాదు. విభక్తులు, క్రియలు ఒక విడత చదివేసి, పరీక్ష ముందో కొంత విరామం తర్వాతో మళ్ళీ అందుకోవాలనుకునేవాళ్ళకు. అంటే సెమినరీల్లో చదువుతున్నవాళ్ళు, అమెరికా, బ్రిటన్ బడుల్లో లాటిన్ తీసుకున్న తెలుగు పిల్లలు, పక్కన కూర్చుని అప్పజెప్పించుకునే అమ్మానాన్నలు. అనువాదానికి ఉదాహరణలు జూలియస్ సీజర్ గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల మీద రాసిన పుస్తకం మొదటి భాగం నుంచి తీసుకున్నాం. లాటిన్ మాటలన్నీ ప్రాచీన ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చాం.

లాటిన్‌ని తెలుగు లిపిలో రాసుకుంటే నిజంగా ఉపయోగం ఉందా?

ఉంది, అదీ పదాలూ క్రియలూ నెమరువేసేటప్పుడే ఎక్కువ. లాటిన్‌లో హ్రస్వ దీర్ఘాలు అర్థాన్ని మారుస్తాయి. రోమన్ లిపిలో దీర్ఘం మీద గీత పెట్టకపోయినా రోజు గడిచిపోతుంది, చాలా ముద్రణల్లో ఆ గీతే ఉండదు. తెలుగులో రాయాలంటే మాత్రం ఎ రాయాలో ఏ రాయాలో తేల్చుకోక తప్పదు. దేవనాగరిలో సంస్కృతం రాసే పద్ధతిలో ఈ తేడా చూపడానికి వేరే అక్షరాలు లేవు, మనకున్నాయి.

‘వెనిత్’ అంటే వస్తున్నాడు, ‘వేనిత్’ అంటే వచ్చాడు. ‘లెగిత్’ చదువుతున్నాడు, ‘లేగిత్’ చదివాడు. ‘లిబెర్’ పుస్తకం, ‘లీబెర్’ స్వతంత్రుడు. ‘మలుం’ చెడు, ‘మాలుం’ ఆపిల్ పండు. విభక్తి కూడా ఇలాగే తేలుతుంది: ‘లింగ్వ’ అంటే భాష (ప్రథమ), ‘లింగ్వా’ అంటే భాషలో, భాషతో. ‘త, ద’లను పళ్ళ దగ్గరే పలకండి. ఇంగ్లిష్ అలవాటుతో ‘ట, డ’ చేయకండి.

చర్చి ఉచ్చారణ నేర్చుకున్నవాళ్ళకు కొన్ని మార్పులు కనిపిస్తాయి. ఆకాశం అనే మాట ప్రాచీన పద్ధతిలో ‘కైలుం’, చర్చిలో ‘చేలుం’. ఏ పద్ధతైనా ఫరవాలేదు కానీ ఒకే నోట్‌బుక్‌లో రెండూ కలపకండి.

ఎన్ని పదాలు వస్తే సీజర్ చదవగలం?

డికిన్సన్ కాలేజీ ఇంటర్నెట్‌లో పెట్టిన మౌలిక పదాల జాబితాలో సుమారు 1000 మాటలున్నాయి. ముందు దాన్ని పట్టుకోండి. ఆ తర్వాత సీజర్‌కు ప్రత్యేకమైన సైనిక పదజాలం (దండు, శిబిరం, బందీలు, దూతలు, రేషన్, గుర్రపు దళం) ఇంకో 150 నుంచి 200 దాకా చేర్చుకుంటే నిఘంటువు తెరవాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. సీజర్ వాడే పదాలు తక్కువ, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఆయన కష్టమంతా వాక్యాల పొడవులో ఉంటుంది.

రోజుకు 10–12 కొత్త మాటలు చాలు. వాటిని మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు, నెలకు తిరగేయండి. ఆదివారం కూర్చుని 80 మాటలు బట్టీపడితే బుధవారానికి సగం కూడా మిగలవు.

కార్డు మీద ఏం రాయాలి?

ఎక్కువ మంది పునశ్చరణ ఇక్కడే చెడుతుంది. ఒక వైపు లాటిన్ మాట, ఇంకో వైపు అర్థం రాసి వదిలేస్తారు. ఆ కార్డు పరీక్షలో అక్కరకు రాదు, ఎందుకంటే పాఠంలో ఆ మాట అదే రూపంలో ఎప్పుడో గానీ కనిపించదు.

నామవాచకానికి ప్రథమ, షష్ఠి, లింగం మూడూ రాయండి. ‘లేక్స్, లేగిస్, స్త్రీలింగం: చట్టం.’ షష్ఠి రాయనివాళ్ళు పాఠంలో ‘లేగిబుస్’ చూసి అది ‘లేక్స్’ అని పోల్చుకోలేరు. ‘ఇతెర్, ఇతినెరిస్, నపుంసకం: ప్రయాణం, దారి’ అయితే ఇంకా మోసం. క్రియకు నాలుగు మూలరూపాలూ రాయాల్సిందే. విభక్తిని కోరే క్రియ అయితే అదీ రాయండి: ‘పారేయో’ (మాట వినడం) చతుర్థిని కోరుతుంది. చివర్లో పాఠంలో ఆ మాట వచ్చిన మూడు నాలుగు పదాల ముక్క ఒకటి చేర్చండి.

అర్థం తెలుగులోనే రాయండి. లాటిన్ నుంచి ఇంగ్లిష్‌కి, ఇంగ్లిష్ నుంచి తెలుగుకి వెళ్తే రెండు చోట్ల తప్పుకు అవకాశం ఇచ్చినట్టే.

ఒకేలా కనిపించే క్రియలు కలిసిపోతున్నాయి. ఏం చేయాలి?

విడివిడిగా కాకుండా పక్కపక్కన పెట్టి చదవండి. అందరినీ తిప్పలు పెట్టే గుంపు ఇది:

కదో, కదెరె, కెకిదీ: పడటం.
కైదో, కైదెరె, కెకీదీ: నరకడం, చంపడం.
కేదో, కేదెరె, కెస్సీ: తప్పుకోవడం, లొంగడం.

భూతకాలంలో ‘కెకిదీ’కి ‘కెకీదీ’కి తేడా ఒక్క గుడి దీర్ఘం. వీటికి ఉపసర్గ తగిలినా అంతే: ‘ఒక్కిదో’ పడిపోవడం, చనిపోవడం, ‘ఒక్కీదో’ చంపడం. యుద్ధవర్ణనలో ఇది తారుమారైతే చచ్చినవాడు చంపినవాడవుతాడు.

ఇంకో గుంపు: ‘పరో’ సిద్ధం చేయడం, ‘పారేయో’ మాట వినడం, ‘పరియో’ కనడం. ‘క్వైరో’ వెతకడం, అడగడం. ‘క్వెరోర్’ ఫిర్యాదు చేయడం.

ఇంటర్‌లో సంస్కృతం చదివాను. పనికొస్తుందా?

బాగా. రెండూ ఒకే భాషా కుటుంబానివి. దానం–దోనుం, అగ్ని–ఇగ్నిస్, నామ–నోమెన్, మాత–మాతెర్, సప్త–సెప్తెం, జాను–గెనూ. ఇవన్నీ నిజమైన చుట్టరికాలే. కాకపోతే అర్థం కూడా ఒకటే అనుకోకండి. ‘విర్’ మన ‘వీర’కు చుట్టమే, కానీ లాటిన్‌లో మామూలుగా ‘మగవాడు’ అనే అర్థం.

అసలు లాభం విభక్తుల దగ్గర ఉంది. లాటిన్‌లో ఎబ్లెటివ్ అనే ఒక్క విభక్తి సంస్కృతంలోని తృతీయ, పంచమి, సప్తమి మూడింటి పనీ చేస్తుంది. అందుకే దాన్ని ఎప్పుడూ ‘నుంచి’ అని అనువదించేవాళ్ళు ఇబ్బంది పడతారు. ‘చేత, తో’నా, ‘నుంచి’నా, ‘లో’నా అని మూడు ప్రశ్నలు వేసుకోండి. సీజర్ రెండో వాక్యంలోనే ఇది వస్తుంది: ‘హీ ఒమ్నేస్ లింగ్వా, ఈన్‌స్తితూతీస్, లేగిబుస్ ఇంతెర్ సే దిఫ్ఫెరుంత్.’ ఇక్కడ ‘లో’ అన్నదే సరి: వీళ్ళందరూ భాషలో, ఆచారాల్లో, చట్టాల్లో ఒకరికొకరు వేరు.

ఊరి పేర్లకు సప్తమి అవశేషం కూడా మిగిలింది: ‘రోమై’ అంటే రోమ్‌లో. ఇక ఎబ్లెటివ్ ఎబ్సల్యూట్ అని పుస్తకాలు భయపెట్టేది, మీరు చదివిన సతి సప్తమే (‘వాళ్ళు వెళ్ళగా’ లాంటి వాడుక).

క్రియకు నాలుగు మూలరూపాలు ఎందుకు? మొదటి రెండూ చాలవా?

చాలవు. మొదటి రెండింటి నుంచి వర్తమానం, అసంపూర్ణ భూతం, భవిష్యత్తు వస్తాయి. మూడోదాని నుంచి పూర్తయిన మూడు కాలాలు. నాలుగోదాని నుంచి కర్మణిలో పూర్తయిన కాలాలు, పార్టిసిపుల్ (క్రియ నుంచి పుట్టే విశేషణం). ఒకటి తెలిస్తే ఇంకోటి ఊహించుకోవచ్చన్న నమ్మకం మొదటి గణానికే (క్రియల మొదటి వర్గానికే) చెల్లుతుంది: అమో, అమారె, అమావీ, అమాతుం.

మూడో రూపం నాలుగు దారుల్లో ఏర్పడుతుందని గుర్తుంచుకుంటే బట్టీ భారం తగ్గుతుంది. ‘వ్’ గానీ ‘ఉ’ గానీ చేరడం (అమావీ, మొనుయీ), ‘స్’ చేరడం (దూకో నుంచి దూక్సీ), అచ్చు దీర్ఘం కావడం (వెనియో నుంచి వేనీ, కపియో నుంచి కేపీ), మొదటి అక్షరం రెట్టించడం (దో నుంచి దెదీ, సంస్కృతంలో ‘దదౌ’ లాగా). ‘ఫెరో, ఫెర్రె, తులీ, లాతుం’ మాత్రం ఏ దారిలోనూ రాదు. ‘తొల్లో, తొల్లెరె, సుస్తులీ, సుబ్లాతుం’తో కలిపి ఒకేసారి నోటికి పట్టించుకోండి.

‘ఎత్’తో ముగిసే క్రియ కనిపిస్తే అది ఏ కాలం?

క్రియారూపాల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ముగింపు ఒకటే, అర్థాలు మూడు.

‘మొనెత్’ రెండో గణం. వర్తమానం: హెచ్చరిస్తున్నాడు.
‘దూకెత్’ మూడో గణం. భవిష్యత్తు: నడిపిస్తాడు.
‘అమెత్’ మొదటి గణం. సబ్‌జంక్టివ్ (కోరిక, ఉద్దేశం లాంటివి తెలిపే రూపం) వర్తమానం: ప్రేమించుగాక, ప్రేమించాలని.

ముగింపు చూసి చెప్పలేం, గణం తెలియాలి. గణం తెలియాలంటే రెండో మూలరూపం తెలియాలి. అందుకే కార్డు మీద నాలుగు రూపాలూ రాయమన్నది. భవిష్యత్తుకు మొదటి రెండు గణాల్లో ‘బో, బిస్, బిత్’ వస్తుంది, మూడు నాలుగు గణాల్లో ‘అం, ఏస్, ఎత్’. పైగా ‘దూకం’ అనేది భవిష్యత్తులోనూ సబ్‌జంక్టివ్‌లోనూ ఉత్తమ పురుష ఏకవచనమే. సందర్భం చూసి తేల్చుకోవాలి. ‘దూక్సెరిత్’ కూడా రెండు చోట్ల కూర్చుంటుంది: పూర్తయిన భవిష్యత్తు, పూర్తయిన సబ్‌జంక్టివ్. ఆ రెండూ విడిపోయేది ఉత్తమ పురుషలోనే, ‘దూక్సెరో’, ‘దూక్సెరిం’ అని.

పట్టికలు చూస్తే వస్తాయి, చూడకపోతే రావు. ఎలా సాధన చేయాలి?

పట్టిక మొత్తం ఎత్తిరాయడం మానేయండి. చెయ్యి పని చేస్తుంది తప్ప బుర్ర పని చేయదు. దానికి బదులు ఒక క్రియ, ఒక పురుష, ఒక వచనం తీసుకుని అన్ని కాలాల్లో నడిపించండి. ‘దూకో’ ప్రథమ పురుష ఏకవచనం కర్తరిలో ఇలా ఉంటుంది:

దూకిత్, దూకేబత్, దూకెత్, దూక్సిత్, దూక్సెరత్, దూక్సెరిత్.
సబ్‌జంక్టివ్: దూకత్, దూకెరెత్, దూక్సెరిత్, దూక్సిస్సెత్.

తర్వాత కర్మణి: దూకితుర్, దూకేబాతుర్, దూకేతుర్, దుక్తుస్ ఎస్త్, దుక్తుస్ ఎరత్, దుక్తుస్ ఎరిత్, దూకాతుర్, దూకెరేతుర్, దుక్తుస్ సిత్, దుక్తుస్ ఎస్సెత్. మొత్తం 20 రూపాలు. చూడకుండా నాలుగు నిమిషాల్లో రాయగలిగితే ఆ గణం మీకు వచ్చినట్టే. మర్నాడు వేరే గణం, వేరే పురుష. ‘దూకెత్’ హ్రస్వం, ‘దూకేతుర్’ దీర్ఘం: చివరి ‘త్’ ముందు అచ్చు కుదించుకుపోతుంది. తెలుగులో రాస్తున్నప్పుడు ఇది కంటికి కనిపిస్తుంది.

వారానికి ఒకసారి తిరగేసి చేయండి. ఎవరినైనా పాఠంలోంచి పది క్రియలు చదవమని, మీరు గణం, కాలం, పురుష, వచనం చెప్పండి. లాటిన్ రాని అమ్మానాన్నలు కూడా ఈ పని చేయగలరు.

ముందు క్రియను వెతుక్కోమంటారు కదా, సీజర్ వాక్యానికి అదే పద్ధతా?

ఆ సలహా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళ కోసం పుట్టింది. వాళ్ళకు కర్త తర్వాత వెంటనే క్రియ కావాలి. మనకు అక్కర్లేదు. క్రియ చివరిదాకా ఆగడం తెలుగువాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. లాటిన్ వచ్చిన వరసలోనే చదువుకుంటూ పోవడమే మేలు అని మా ఉద్దేశం. సందేహమైతే ఈ వాక్యం చూడండి. క్రీ.పూ. 58లో గాల్‌లోని బిబ్రాక్తె పట్టణం దగ్గర హెల్వీషియన్లు అనే తెగతో యుద్ధం మొదలయ్యే ఘట్టం:

‘కైసర్ ప్రీముం సువో, దెయిందె ఒమ్నియుం ఎక్స్ కోన్‌స్పెక్తూ రెమోతీస్ ఎక్వీస్, ఉత్ ఐక్వాతో ఒమ్నియుం పెరీకులో స్పెం ఫుగై తొల్లెరెత్, కొహొర్తాతుస్ సువోస్ ప్రొయ్‌లియుం కొమ్మీసిత్.’

ముక్కలుగా: సీజర్ / మొదట తనది, తర్వాత అందరివీ / కనుచూపు మేర నుంచి గుర్రాల్ని పంపించేసి / అందరికీ ప్రమాదం సమానం చేసి పారిపోయే ఆశ లేకుండా చేయాలని / తనవాళ్ళకు ధైర్యం చెప్పి / యుద్ధం మొదలుపెట్టాడు.

ముక్కల వరస దాదాపు కదల్లేదు. ఇంగ్లిష్‌లో చేస్తే దీన్ని తలకిందులు చేయాలి. ఇందులో చూడాల్సినవి మూడున్నాయి.

‘సువో’ దగ్గర నామవాచకం లేదు. ‘తన’ ఏమిటో ‘ఎక్వీస్’ (గుర్రాలు) వచ్చేదాకా తెలియదు. అక్కడిదాకా ఎబ్లెటివ్ అన్న సంగతి మనసులో పెట్టుకుని ఆగాలి. తొందరపడి ‘తన చేత’ అని రాసేస్తే వాక్యం కూలిపోతుంది.

‘రెమోతీస్ ఎక్వీస్’, ‘ఐక్వాతో పెరీకులో’ రెండూ సతి సప్తమి లాంటివి. ముక్కస్య ముక్కగా ‘గుర్రాలు తొలగించబడగా’. లాటిన్ మామూలు క్రియలకు ‘చేసి’ అనే అర్థంలో భూతకాల కర్తరి పార్టిసిపుల్ లేదు కాబట్టి ఈ చుట్టుదారి పట్టింది. మనకు క్త్వార్థకం (‘చేసి, వెళ్ళి’ లాంటి రూపం) ఉంది. ఆ పని చేసింది ముఖ్య వాక్యం కర్తే అయితే హాయిగా ‘పంపించేసి’ అనండి. వేరేవాళ్ళయితే మాత్రం ‘శత్రువులు వెనక్కి తగ్గగా’ అన్న రూపమే వాడాలి.

‘కొహొర్తాతుస్’ చూడటానికి కర్మణి. కానీ ఇది డిపోనెంట్ క్రియ: రూపం కర్మణి, అర్థం కర్తరి. అందుకే ‘ధైర్యం చెప్పి’, ‘చెప్పబడి’ కాదు. సీజర్‌లో తరచూ వచ్చే డిపోనెంట్లు వేరే కాగితం మీద రాసి ఉంచుకోండి: హొర్తోర్, ప్రొఫికీస్కోర్ (బయల్దేరడం), కోనోర్ (ప్రయత్నించడం), అర్బిత్రోర్ (అనుకోవడం), సెక్వోర్ (వెంట వెళ్ళడం), పొతియోర్ (చేజిక్కించుకోవడం; ఇది ఎబ్లెటివ్‌ని కోరుతుంది).

సీజర్ పుస్తకం మొదటి వాక్యాన్ని తెలుగులో ఎలా రాస్తే బాగుంటుంది?

‘గల్లియ ఎస్త్ ఒమ్నిస్ దీవీస ఇన్ పర్తేస్ త్రేస్, క్వారుం ఊనం ఇంకొలుంత్ బెల్గై, అలియం అక్వీతానీ, తెర్తియం క్వీ ఇప్సోరుం లింగ్వా కెల్తై, నొస్త్రా గల్లీ అప్పెల్లంతుర్.’

గాల్ దేశం మొత్తం మూడు భాగాలుగా విడిపోయి ఉంది. వాటిలో ఒకదానిలో బెల్గులు, ఇంకోదానిలో అక్విటానులు, మూడోదానిలో తమ భాషలో కెల్టులనీ మన భాషలో గాల్‌లనీ అనిపించుకునేవాళ్ళు ఉంటారు.

‘క్వారుం’ (వేటిలో) దగ్గర వాక్యం విరిచేయండి. ఆ సంబంధ సర్వనామాన్ని తెలుగు ధాతుజ విశేషణంలోకి (‘ఉండే’, ‘వచ్చిన’ లాంటి రూపంలోకి) నెట్టలేం. ‘ఇంకొలుంత్’ సకర్మకం, అందుకే ‘ఊనం’ ద్వితీయలో ఉంది. తెలుగులో ‘భాగాన్ని నివసించడం’ ఉండదు కాబట్టి ‘లో’. ‘అప్పెల్లంతుర్’ కర్మణి అని ‘పిలవబడుచున్నారు’ అని రాస్తే తప్పు కాదు గానీ అలా ఎవరూ మాట్లాడరు.

‘నొస్త్రా’ అంటే మన భాషలోనా, మా భాషలోనా? సీజర్ రాస్తున్నది రోమన్ పాఠకులకు కాబట్టి ‘మన’. యుద్ధ వర్ణనలో రోమన్ సైనికుల్ని ‘నొస్త్రీ’ అంటాడు, ‘మనవాళ్ళు’ అనేస్తే సరిపోతుంది. అదే ఒక గాల్ దూత సీజర్‌తో మాట్లాడుతుంటే ‘మా’ అనాలి. ఇంగ్లిష్ అనువాదం మీద ఆధారపడితే ఈ తేడా తట్టదు.

మూడో వాక్యం ‘గల్లోస్’ అని మొదలవుతుంది. అది కర్మ. గాల్‌లని అక్విటానుల నుంచి గరుమ్న నది, బెల్గుల నుంచి మాత్రొన, సేక్వన నదులు వేరుచేస్తున్నాయి. అంటే నేటి గరోన్, మార్న్, సీన్ నదులు. మొదటి మాటే కర్త అనుకునేవాళ్ళు ఇక్కడ తప్పటడుగు వేస్తారు. క్రియ ‘దీవిదిత్’ ఏకవచనంలో ఉండటం చూసి కంగారుపడకండి, దగ్గరి కర్తతో వచనం కలపడం లాటిన్‌లో మామూలే.

పరోక్ష కథనంలో ఎవరు ఎవరో తెలియడం లేదు.

తెలుగులో ‘అని’తో చెప్పేదాన్ని లాటిన్ కర్తను ద్వితీయలోనూ క్రియను ఇన్ఫినిటివ్‌లోనూ (రెండో మూలరూపం లాంటి రూపంలో) పెట్టి చెబుతుంది. ఇన్ఫినిటివ్ కాలం ముఖ్యక్రియతో పోల్చి చూడాలి: వర్తమానమైతే అదే సమయం, భూతమైతే అంతకుముందు, భవిష్యత్తైతే ఆ తర్వాత. తెలుగు కూడా ఇలాగే నడుస్తుంది. ‘దీక్సిత్ హొస్తేస్ వెనీరె’ అంటే ‘శత్రువులు వస్తున్నారని చెప్పాడు’. ఇంగ్లిష్‌లో లాగా లోపలి క్రియను భూతకాలంలోకి మార్చనక్కర్లేదు.

‘సే’, ‘సువుస్’ చెప్పేవాణ్ణి సూచిస్తాయి: తాను, తన. ‘ఎయుం’, ‘ఇల్లుం’ వేరేవాళ్ళని: అతన్ని. మొదటి భాగం 34వ అధ్యాయంలో జర్మన్ రాజు అరియోవిస్తుస్ జవాబు దీనికి మంచి కసరత్తు. తనకు సీజర్‌తో పని పడి ఉంటే తానే అతని దగ్గరికి వెళ్ళి ఉండేవాణ్ణనీ, అతనికి తనతో పని ఉంటే అతనే తన దగ్గరికి రావాలనీ జవాబిచ్చాడు. ప్రతి ‘తాను’ కిందా ఒక గీత, ప్రతి ‘అతను’ కిందా రెండు గీతలు గీసుకుంటూ చదవండి. సీజర్ తన గురించి కూడా ప్రథమ పురుషలోనే రాస్తాడు కాబట్టి ఈ గీతలు లేకపోతే దారి తప్పడం ఖాయం.

వర్తమానంలో ఉన్న క్రియను భూతకాలంలో రాయొచ్చా?

కథనం మధ్యలో ‘మిత్తిత్’ (పంపుతాడు), ‘యుబెత్’ (ఆజ్ఞాపిస్తాడు) వస్తే భూతకాలంలో రాయొచ్చు. ఒక పేరాలో ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

‘కుం’ కనిపించినప్పుడల్లా ఆగిపోతున్నాను.

వెంటనే ఎబ్లెటివ్ ఉంటే ‘తో’. క్రియ ఇండికేటివ్‌లో (జరిగింది జరిగినట్టు చెప్పే మామూలు రూపంలో) ఉంటే ‘అప్పుడు’. సబ్‌జంక్టివ్‌లో ఉంటే ‘-గా’, ‘కాబట్టి’, ‘అయినా’ ఈ మూడింట్లో ఏది నప్పితే అది. అతికించి కూడా వస్తుంది: ‘క్విబుస్కుం’ అంటే ఎవరితోనైతే.

ఈ ఏడాది ఏపీ లాటిన్ రాస్తున్నాం. సీజర్ చదవాలా?

ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అమెరికా హైస్కూళ్ళ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. 2025–26 విద్యా సంవత్సరం నుంచి ఆ సిలబస్‌లో తప్పనిసరి గద్యంగా సీజర్ బదులు రోమన్ రచయిత చిన్న ప్లినీ లేఖలు వచ్చాయి. పద్యభాగంగా రోమన్ కవి వర్జిల్ కొనసాగుతున్నాడు. పాత గైడు కొనేముందు ముద్రణ సంవత్సరం చూడండి. అయినా పరీక్షలో ఇచ్చే, ముందు చూడని గద్యం కోసం సీజర్ మీద సాధన వృథా కాదు. ప్లినీలో క్రీ.శ. 79 నాటి వెసూవియస్ అగ్నిపర్వత విస్ఫోటనం గురించి చరిత్రకారుడు టాసిటస్‌కు రాసిన రెండు లేఖల నుంచి మొదలుపెడితే ఆసక్తిగా సాగుతుంది, వాక్యాలు కూడా సీజర్‌వంత పొడుగు ఉండవు.

రోజుకు గంటే దొరుకుతుంది. ఎలా పంచుకోవాలి?

15 నిమిషాలు కార్డులు, 10 నిమిషాలు ఒక క్రియ 20 రూపాలు, మిగతా 35 నిమిషాలు పాఠం. పాఠం 60–80 పదాలకు మించొద్దు. ముందు రెండుసార్లు పైకి చదవండి. తర్వాత పెన్సిల్‌తో ఉపవాక్యాల చుట్టూ కుండలీకరణాలు పెట్టండి. ఆ తర్వాత తెలుగులో నోటితో చెప్పి, అప్పుడు రాయండి. నిఘంటువు మూడో విడతలోనే తెరవాలి, అదీ మూడు నాలుగు మాటలకే.

మాట నిఘంటువులో దొరక్కపోతే ఉపసర్గ రూపం మారిందేమో చూడండి. ‘అత్తులిత్’ కోసం ‘అత్త’ దగ్గర వెతికితే దొరకదు. అది ‘అద్’ చేరిన ‘ఫెరో’, అంటే ‘అఫ్ఫెరో, అఫ్ఫెర్రె, అత్తులీ, అల్లాతుం’. యాప్‌లో మొత్తం వాక్యం అతికించి అనువాదం తెచ్చుకుంటే ఆ రోజు 35 నిమిషాలూ పోయినట్టే. అదే యాప్‌ని ఒక్క మాట రూపం ఏమిటో సరిచూసుకోవడానికి, మీ జవాబు రాసేశాక, వాడుకోవచ్చు. తప్పిన రూపాన్ని ఆ పూటే కార్డు చేసి మర్నాటి కట్టలో పైన పెట్టండి.